బురద రాకముందే బండిని సిద్ధం చేద్దాం

మన జిల్లాలకు వాన ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది. 2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతి వీధులు ఏరులై పారాయి, తిరుమల కనుమ దారులు మూసివేశారు. తర్వాత కొద్ది రోజులకే రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల పల్లెలను ఖాళీ చేయించారు. అలాంటి రోజుల్లోనూ కాన్పు నొప్పులు ఆగవు. పాముకాట్లు అయితే వానాకాలంలోనే ఎక్కువ.

2005లో మన రాష్ట్రంలో 108 సేవ మొదలయ్యాక ఎందరో ప్రాణాలతో బయటపడ్డారు. కానీ ఆ బండి తారురోడ్డు దాకా వచ్చి, పల్లెకు వెళ్ళే మట్టిబాటలో దిగబడితే? ఆ చివరి రెండు కిలోమీటర్ల బాధ్యత ఊరిదే అని మా అభిప్రాయం. రోడ్డు వేయించడం ప్రభుత్వం పని, దాన్ని అడుగుతూనే ఉండాలి. అయితే రోడ్డు పడేదాకా వాన ఆగదు కదా!

హిమాలయాల్లో మంచు పడే దారుల్లో లారీ డ్రైవర్లు చక్రాలకు ఇనుప గొలుసులు చుట్టుకుంటారు. మనకు మంచు లేదు, బురద ఉంది. మరి మన తయారీ ఏది? కొత్త బండి కొనమని మేము చెప్పడం లేదు. ఊళ్ళో ఉన్న జీపునో, పాల వ్యానునో, ట్రాక్టరునో ఒకదాన్ని ముందే అనుకుని సిద్ధం చేసుకుంటే చాలు.

అరిగి నున్నబడిన టైర్లు బురదలో పట్టు ఇవ్వవు, వాటిని మార్చాలి. బండిలో గట్టి మోకు, పార, రెండు చెక్క పలకలు, నాలుగు గోతాలు, టార్చిలైటు, టార్పాలిన్, గాలి పంపు ఉండాలి. జాకీ మెత్తటి నేలలో దిగిపోకుండా దాని కింద ఒక పలక వేయాలి. చక్రం ఉన్నచోటే తిరుగుతుంటే ఆక్సిలేటరు తొక్కవద్దు, తొక్కినకొద్దీ చక్రం లోతుకు దిగుతుంది. బురద తవ్వి, పలకో గోతామో పెట్టి, చిన్న గేరులో మెల్లగా లాగాలి. మోకుతో లాగేటప్పుడు దాని దగ్గర ఎవరూ నిలబడకూడదు. అది తెగితే ప్రాణం మీదికి వస్తుంది.

రోగిని తడవకుండా, కుదుపు తగలకుండా పరుపు మీద పడుకోబెట్టాలి. నిండు గర్భిణిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టడం మేలు. పాము కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూడాలి. గాటు పెట్టవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు.

ఒక్క మాట మాత్రం మరువవద్దు. ఎంత సిద్ధం చేసిన బండి అయినా, వంక పారుతుంటే దాటించకండి. అడుగు లోతు నీరే చాలా కార్లను తేల్చగలదు. రెండడుగుల వేగపు ప్రవాహం పెద్ద బండ్లను కూడా కొట్టుకుపోగలదు. ఒక రోగి కోసం వెళ్ళి పదిమంది ప్రాణాలు పోగొట్టుకోవడం సేవ కాదు. వంక అవతల ఉన్న గర్భిణులను నెలలు నిండగానే, వాన ముదరకముందే, ఇవతలి బంధువుల ఇంటికో ఆసుపత్రి దగ్గరకో చేర్చడమే మంచిది.

ప్రియమైన పాఠకులారా, ఈ సామాను ఖర్చు పది ఇళ్ళవారు పంచుకుంటే ఎవరికీ బరువు కాదు. అక్టోబరు రాకముందే మీ ఊరి పెద్దలు, యువకులు కూర్చుని మూడు సంగతులు తేల్చుకోండి: ఏ బండి, ఎవరు నడుపుతారు, ఏ దారి. ఆ డ్రైవరు ఫోను నంబరు ప్రతి ఇంటి గోడ మీదా రాసి ఉంచండి.