తాళంచెవి ఎవరి దగ్గర?

మా బళ్లో టాయిలెట్ ఉండేది. దానికి తాళమూ ఉండేది! తాళంచెవేమో స్టాఫ్‌రూమ్‌లో. వెళ్లి అడగాలంటే సిగ్గు. క్లాసులో చెయ్యెత్తితే ‘ఇంటర్వెల్‌లో ఏం చేశావ్?’ అని తిట్లు. దాంతో మా గ్యాంగ్ అంతా నీళ్లు తాగడమే మానేశాం. అమ్మ నింపిచ్చిన బాటిల్‌ని సాయంత్రం గేటు దగ్గర ఒంపేసేవాళ్లం. టెన్త్‌లో నాకు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చాకగానీ ఇంట్లో సంగతి తెలియలేదు.

అమ్మాయిలకు, అబ్బాయిలకు వేర్వేరు టాయిలెట్లు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతోంది. నీళ్లు తాగమని గుర్తుచేయడానికి 2019లో కేరళ బడుల్లో ‘వాటర్ బెల్’ కూడా కొట్టారు. బాగుంది. మరి తాగాక వెళ్లనివ్వాలి కదా!

ఇప్పుడు మా చెల్లి అదే బళ్లో ఎనిమిదో క్లాసు. నిన్న దాని బ్యాగ్ తీస్తే బాటిల్ నిండుగానే ఉంది. సోమవారం నేనూ అమ్మా బడికి వెళ్తున్నాం. మీ ఇంట్లో బాటిల్ కూడా ఓసారి చూడండి.