చేయి చూచి గాజు

చార్మినారునకు పడమట లాడ్ బజారు కలదు. లక్క గాజులకు అది పేరు మోసిన వీథి. 2024వ సంవత్సరమున హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఆ వీథిలో గాజుల బేరములు తప్ప వేరు మాట వినబడదని దూరపువారు తలంతురు. అది నిజము కాదు. అంగడి మెట్లపై కూర్చుండి గాజులు తొడిగించుకొను స్త్రీల చెవినిబడు మాటలలో సగము గాజులను గూర్చినవి కావు. పెండ్లిండ్లు, ధరలు, ఎన్నికలు, ఆటలు, అన్నిటికిని అచ్చటనే తీర్పులు జరుగుచుండును. 2025 జూలై మాసమున మేము విన్న వివాదము ఆటను గూర్చినది. భారత ఫుట్‌బాల్ జట్టునకు ఇకమీదట శిక్షకుడెవరు కావలెనన్నది ప్రశ్న.

ఒక యువకుడు విదేశీయుడే రావలెననెను. "మనవారికి కొత్త విద్య తెలియదు, ఐరోపానుండి తేవలె" నని అతని వాదము. గాజులపై రాళ్ళు అద్దుచున్న వృద్ధుడు తల యెత్తి, "బేటా, రహీమ్ సాబు ఏ విలాయతునుండి వచ్చినాడు? ఈ ఊరివాడే కదా!" యనెను. మూడవవాడు కలుగజేసికొని, "ఊరిమాట విడువుము చాచా. మనవారికి గోలు వేయుట చేతగాకున్నది. కాపాడువారు చాలమంది కలరు, దాడి నడిపింపగలవాడు కావలె" ననెను.

ఈ మూడవవాని మాట మాకు విశేషముగ తోచినది. అమెరికావారు తమ దేశపు ఫుట్‌బాల్ జట్లలో ప్రధాన శిక్షకుడు గాక దాడి పన్నుటకే వేరుగ నొక శిక్షకుని నియమింతురు. ఆ ఉద్యోగము ఖాళీ యైనపుడు అచ్చటి అభిమానులును ఈ లాడ్ బజారువారి వలెనే పేర్లు చెప్పుకొని వాదులాడుదురు. మనుష్యస్వభావ మెల్లచోట్ల నొకటియే.

"ఇది మగవారి గొడవ, మన పుటలో నిది యేల?" యని కొంద రడుగవచ్చును. మన పిల్లలను మైదానమునకు పంపువారమును మనమే, చదువు చెడునని గుమ్మముకడ నిలిపివేయువారమును మనమే. కావున నీ వివాదమున మనకును పాలు కలదు.

పేర్లు చెప్పి వాదించుట క్రొత్తది కాదు. ఉద్యోగపర్వమున పాండవుల శిబిరములో నిదే జరిగినది. ఏడక్షౌహిణుల సేనకు నాయకుడెవరని ధర్మరాజు తమ్ముల నడిగెను. సహదేవుడు విరాటుని పేరు చెప్పెను. నకులుడు ద్రుపదుని పేరు చెప్పెను. భీముడు శిఖండి యనెను. అర్జునుడు ధృష్టద్యుమ్ను డనెను. నలుగురు తమ్ములు నాలుగు పేర్లు! ధర్మరాజు నిర్ణయమును శ్రీకృష్ణునకు విడిచెను. కృష్ణుడు ఎవరిని గాని తక్కువ చేసి మాటలాడలేదు. అందరును సమర్థులే యని పలికి, ధృష్టద్యుమ్నుని నిలిపెను. పేర్లు చెప్పిన నలుగురును యుద్ధములో ఎవరి తావున వారు నిలిచి పోరాడిరి. తాను చెప్పినవానికి పదవి రాలేదని యెవరును విల్లు క్రింద పెట్టలేదు. వాదమునకు నియమ మిది.

ఇక వృద్ధుడు తలంచిన రహీమ్ సాబును గూర్చి మన కుమార్తెలు కుమారులు తెలిసికొనవలెను. సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివెను. ఆయన మొదట బడిపంతులు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల మొదలగు నగర పాఠశాలలలో పిల్లలకు పాఠములు చెప్పెను. మేము బడిపంతులు ఇంటివారము గాన ఈ మాటను కొంత గర్వముతోనే వ్రాయుచున్నాము. పిదప ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ జట్టు బొంబాయిలోని రోవర్సు కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగ అయిదేండ్లు గెలిచినది.

ఆయన పద్ధతి యెట్టిదో వినుడు. పిల్లలకు పోటీలు పెట్టి, వాటంలేని కాలితోనే బంతి తన్నవలెనని నిబంధన విధించెడివాడు. మరియొక పోటీలో బంతిని తన కాళ్ళయందే త్రిప్పుకొనరాదు. వెంటనే తోటివాని కందింపవలెను. పంతులు బడిలో ఒక లోపమును కనిపెట్టి దానికి తగిన అభ్యాస మిచ్చునట్లే, ఆయన మైదానములో చేసెను. ఆటగాడు రాకమునుపే తన యొద్ద నున్న పటమును పరచి, "ఇందులో నీవు సరిపొమ్ము" అనలేదు. ఆటగాని చూచి పటము గీచెను.

ఓటమియు ఆయనకు పాఠమే. 1952 హెల్సింకి ఒలింపిక్సులో మన జట్టులో పలువురు వట్టి కాళ్ళతో ఆడిరి. యుగోస్లావియా చేతిలో 1–10 గోల్లతో ఓడిరి. ఆ పోటీలలో స్వర్ణము గెలిచినది హంగరీ. ఆ దేశమువారు ముందువరుసలో నడుమ నుండు ఆటగానిని కొంత వెనుకకు దింపి, అతనిని వెంబడించి వచ్చిన ఎదిరివాని కాపు చెదరునట్లు చేసి, ఆ సందున దాడి నడిపెడివారు. రహీమ్ ఆ విద్యను మనవారికి నేర్పెను. వెనుక నలుగురు, నడుమ నిద్దరు, ముందు నలుగురను కూర్పును 1958లో బ్రెజిల్ దేశము లోకప్రసిద్ధము చేయకమునుపే ఆయన మన దేశమున ప్రయోగించెనని ఆట చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో మన జట్టు ఆస్ట్రేలియాను 4–2 గోల్లతో ఓడించినది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్లు వేసెను. కడకు మనకు నాలుగవ స్థానము వచ్చినది. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆ జట్టులో నుండెను. ఆయన 2023లో స్వర్గస్థుడయ్యెను.

1962లో జకార్తా ఆసియా క్రీడలు జరిగినవి. మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో 0–2 గోల్లతో ఓడిరి. పిదప థాయిలాండుతో ఆడునపుడు వెనుక కాపుదారుడగు జర్నైల్ సింగునకు తలకు గాయమై కుట్లు పడినవి. గాయపడినవానిని ఇంట కూర్చుండబెట్టుట లోకరీతి. రహీమ్ అతనిని కాపునుండి తీసి ముందువరుసకు పంపెను! పొడగరి, బలశాలి, బెదురులేనివాడు. అట్టివాడు ఎదిరివారి గోలు ముందర నిలిచిన యెడల వారికి గుండె జారునని ఆయన యెన్నిక. జర్నైల్ సింగు సెమీఫైనలున దక్షిణ వియత్నాముపై ఒక గోలు, సెప్టెంబరు 4వ తేదీని ఫైనలున మరియొక గోలు వేసెను. మొదట ఓడించిన ఆ దక్షిణ కొరియానే మనవారు 2–1 గోల్లతో జయించి స్వర్ణము తెచ్చిరి. నాటికే రహీమ్ పుట్టకురుపు వ్యాధితో బాధపడుచుండెను. 1963 జూన్ 11వ తేదీని కన్నుమూసెను. ఆసియా క్రీడలలో పురుషుల ఫుట్‌బాల్ స్వర్ణము మరల మనకు రాలేదు. 1970లో హైదరాబాదువాడగు సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వమున కంచు పతకము మాత్రము లభించినది.

మూడవవాడు చెప్పిన "దాడి నడిపించువాడు" అనగా నిట్టివాడు. ఎక్కడినుండియో క్రొత్త యోధుని తేలేదు. ఉన్న పదునొకండుగురిలోనే, తలకు కట్టు కట్టుకొన్నవానిలోనే, దాగియున్న శక్తిని చూచెను.

ఇపుడు మన కాలమునకు వత్తము. 2019లో మన నగరమునకు హైదరాబాద్ ఎఫ్.సీ. యను జట్టు వచ్చినది. మనోలో మార్క్వెజ్ అను స్పెయిను దేశీయుడు 2020 నుండి 2023 వరకు దానికి శిక్షకుడు. పేరుగల వృద్ధుల నేరుటకంటె యువకులకు అవకాశ మిచ్చి, 2022 మార్చి 20వ తేదీని గోవాలో కేరళ బ్లాస్టర్సుపై ఫైనలు గెలిచి ఇండియన్ సూపర్ లీగు కప్పు తెచ్చెను. కావున విదేశీయుడు కూడడనుట తప్పు. విద్యకు దేశము లేదు. ఆయన వెడలిన పిదప జట్టు ధనకష్టములలో చిక్కినది. ఆటగాండ్రనేకులు విడిచి పోయిరి. 2023–24లో జట్టు అందరికంటె క్రిందుగ నిలిచినది. 2025లో ఆ సంస్థ ఢిల్లీకి తరలి వేరు పేరు పెట్టుకొన్నది. గాదెలో గింజలు లేనపుడు వంటవానిని ఎందరిని మార్చిన నేమి? ఇది గృహిణులకు వేరుగ చెప్పవలసిన మాట కాదు.

ఆ మార్క్వెజ్ గారే 2024లో భారత జట్టునకు శిక్షకుడై, ఒక్క విజయము తప్ప చూడక 2025 జూలైలో తప్పుకొనెను. లాడ్ బజారు వివాదమునకు మూల మదియే. ఆ స్థానమునకు సుమారు 170 దరఖాస్తులు వచ్చినవి. అందుండి ముగ్గురిని ఏరిరి: ఇంగ్లండువాడగు స్టీఫెన్ కాన్‌స్టంటైన్, స్లొవేకియావాడగు స్టెఫాన్ తార్కోవిచ్, మనవాడగు ఖాలిద్ జమీల్. ఆగస్టు 1వ తేదీని జమీల్ గారిని నియమించిరి. ఆయన 2017లో ఐజ్వాల్ అను చిన్న జట్టునకు ఐ-లీగు గెలిపించిన వాడు.

తరువాతి కథ చూడుడు. సెప్టెంబరులో మధ్యాసియా పోటీలో మనవారు ఒమాన్ జట్టును జయించి మూడవ స్థానము పొందిరి. "స్వదేశీయుని మహిమ!" యని పొగడిరి. అక్టోబరు 14వ తేదీని గోవాలో సింగపూరు చేతిలో 1–2 గోల్లతో ఓడి, 2027 ఆసియా కప్పున చేరు అవకాశము కోలుపోయిరి. పొగడిన నోళ్ళే నిందించినవి. ఆ ముప్పదియారు దినములలో శిక్షకుడు మారలేదు. అతని విద్య మారలేదు. మారినది మన నాలుక.

లక్క గాజు చేయు విధము మీరెరుగుదురు. లక్కను నిప్పుల సెగపై మెత్తబరచి, సాగదీసి, చుట్టి, కొలత కర్రకెక్కించి గుండ్రము చేయుదురు. రాళ్ళు పొదుగుట కడపటి పని. అంగడిలో మనము మొదట చూచునది ఆ రాళ్ళ తళుకునే. కాని కొలత తప్పిన గాజు ఎంత మెరసినను చేతికెక్కదు. తెలిసిన వర్తకుడు మొదట చేయి చూచును; కావలసిన గాజును సెగ చూపి సరిచేయును. శిక్షకుని నియామకమును గూర్చి వాదించువారు రాతి తళుకును మాత్రమే చూచుచున్నారు. స్వదేశమా విదేశమా, కీర్తి యెంత, జీత మెంత యని యడుగుచున్నారు. "మన పిల్లల చేయి యెట్టిది? దానికి కొలత తెలిసినవాడెవడు?" అని యడుగువారు తక్కువ.

మరియు చేయియే లేనిచో గాజు దేనికి? రహీమ్ కాలమున ఆటగాండ్రు ఆకాశమునుండి ఊడిపడలేదు. ఈ నగరపు బడులలో, బస్తీల ఖాళీస్థలములలో, పోలీసు మైదానములలో ఆడి పెరిగిరి. నేడు అనేక బడులకు మైదానము లేదు. ఉన్నచోట ఆటల గంటను గణితమున కిత్తురు. గోలు వేయువాడు దొరకలేదని పెద్దలు వాపోవుచుందురు; గోలు వేయదగిన ఏడేండ్ల పిల్లవాడు మూడవ అంతస్తు గదిలో ఎక్కము వల్లించుచుండును.

ఈ మాట కొడుకులకే కాదు. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య నేడు దేశమునకు పేరు తెచ్చిన క్రీడాకారిణి. క్రొయేషియా దేశమునకు పోయి యచ్చట ఆడి వచ్చినది. 2025 జూలై 5వ తేదీని మన స్త్రీల జట్టు థాయిలాండును వారి గడ్డపైననే 2–1 గోల్లతో జయించి 2026 ఆసియా కప్పునకు అర్హత పొందినది. పురుషుల శిక్షకుని గూర్చి వీథి వీథి వాదించిన ఆ నెలలోనే ఇది జరిగినది. దానిని గూర్చి మెట్లపై మాకు ఒక్క మాటయు వినబడలేదు. సౌమ్య ఆడుట మొదలిడిన దినమున ఇంటివారెవరో సరే యని యుందురు. ఊరిలో నెవరో బంతి చేతికిచ్చి యుందురు. దేశపు శిక్షకుని నియమించుట ఢిల్లీలోని పెద్దల పని. ఆ మొదటి శిక్షకుని నియమించుట మన పని.

కావున సోదరీమణులారా! వివాదములను మానుడని మేము చెప్పము. ఇష్టమైనచోట వాదము పుట్టుట సహజము. ఎవరి పేరైన చెప్పుడు. ఆ పిదప మూడు ప్రశ్నలు కూడ వేయుడు. మీ పిల్లల బడిలో ఆటల గంట కలదా? ఆ గంటలో ఆట నేర్పు పంతులు కలడా? ఆ మైదానములో మీ ఆడపిల్లకు చోటు కలదా? ఈ మూడింటికి "కలదు" అని జవాబు వచ్చు బడులు ఊరికి నాలుగైనను ఏర్పడినచో, పదేండ్లకు వచ్చు శిక్షకుడు ఏ దేశమువాడైనను సరే, అతని ముందు చాచుటకు మనకు చేతులుండును.