గోడలు పోనీ, పేర్లు పోకూడదు

బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్లలో పండక్కి నలుగురూ చేరితే "పాత ఇల్లు ఏం చేద్దాం?" అన్న మాట రాక తప్పదు. అమ్మేద్దామని ఒకరంటారు. ఎంత ఖర్చయినా బాగు చేయిద్దామని ఇంకొకరు. ఈ గొడవలో అసలు సంగతి మరుగున పడిపోతోందని మా అభిప్రాయం. ఇంగ్లాండులో ఉంటున్న మా పిల్లలు అక్కడ ఒక పాడుబడ్డ ఆయుధ పరీక్షల స్థలం చూసొచ్చి చెప్పిన దగ్గర్నుంచీ ఆ అభిప్రాయం మరింత గట్టిపడింది.

ఆ చోటు పేరు ఆర్ఫర్డ్ నెస్. ఇంగ్లాండు తూర్పు తీరాన, సఫోక్‌లో, సముద్రానికీ ఏటికీ మధ్య సుమారు 16 కిలోమీటర్ల గులకరాళ్ల మేట. 1913లో సైన్యం దాన్ని తీసుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల ప్రయోగాలు అక్కడ జరిగాయి. రాడార్ కోసం తొలి ప్రయత్నాలు 1935లో అక్కడే చేశారు. 1950లలో అణ్వాయుధాల సంస్థ వచ్చింది. విమానంలో తీసుకెళ్లేటప్పుడు బాంబు కుదుపులకీ, ఎండకీ, చలికీ తట్టుకుంటుందా లేదా అని పరీక్షించేవారు. అణు పదార్థం వాడలేదంటారు గానీ, బాంబును రగిలించే మామూలు పేలుడు మందు ఉండేది. అందుకే రెండు ప్రయోగశాలలకి లావుపాటి కాంక్రీటు కప్పులు వేసి, వాటి మీద గులకరాళ్లు పోశారు. లోపల ప్రమాదం జరిగితే కప్పు కూలి ఆ గదిని మూసేయాలన్నమాట. దూరం నుంచి బర్మా గుడుల్లా కనిపిస్తాయని జనం వాటిని పగోడాలన్నారు. 1971లో ఆ పరీక్షలు ఆగిపోయాయి.

1993లో నేషనల్ ట్రస్ట్ ఆ నేల కొనుక్కుంది. అన్నిటికీ సున్నం కొట్టి, కొత్త తలుపులు పెట్టే పని పెట్టుకోలేదు. చాలా కట్టడాలని గాలికీ ఉప్పుకీ వదిలేసింది. చూడాలంటే పడవ మీద ఏరు దాటి వెళ్లాలి. పేలని గుండ్లు ఇంకా ఉండొచ్చు గనక గుర్తులు పెట్టిన దారి తప్పకూడదు. 1792 నాటి దీపస్తంభాన్ని సముద్రం కోసుకుంటూ వచ్చేస్తే, 2020లో దాన్ని విప్పేశారు.

"ఇంత చరిత్రని కూలనిస్తారా?" అనిపించడం సహజమే. మాకైతే అది సబబుగానే తోచింది. బాంబు పరీక్షించిన గదిని పెళ్లిమండపంలా ముస్తాబు చేస్తే అక్కడ ఏం జరిగిందో తెలియకుండా పోతుంది. కానీ గోడని కూలనివ్వడానికి ఒక షరతుంది. ఆ గోడ ఎవరు కట్టారో, లోపల ఏం చేశారో ముందే రాసిపెట్టుకోవాలి. అక్కడ వరద నీటికి అడ్డంగా ఒక మట్టికట్ట ఉంది. పేరు చైనీస్ వాల్. మొదటి యుద్ధకాలంలో చైనా కూలీలు కట్టారంటారు. కట్టకి వాళ్ల దేశం పేరు మిగిలింది గానీ, తట్టలు మోసిన వాళ్లలో ఒక్కరి పేరైనా దాని మీద లేదు.

ఇది మనకి కొత్త కథేమీ కాదు. మన గోపాల్‌పూర్ ఒడ్డున పాత రేవు మొండిగోడలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కణ్ణుంచే మన తెలుగువాళ్లు ఎందరో ఓడెక్కి రంగూన్ వెళ్లి, బియ్యం మిల్లుల్లో, రేవుల్లో చెమటోడ్చారు. 1942లో జపాన్ దండు వచ్చినప్పుడు నడిచి తిరిగొచ్చిన వాళ్లూ ఉన్నారు. ఇవాళ సాయంత్రం షికారుకెళ్లి ఆ గోడల పక్కన ఫొటో దిగుతున్నాం. ఆ ఓడలెక్కిన మన వాళ్ల పేర్లు మాత్రం ఎన్ని ఇళ్లలో చెప్పగలరు?

అలాగని పాత ఇళ్లన్నీ కూలనిచ్చేయమని కాదు మేము చెప్పేది. మనుషులున్న ఇల్లయితే తప్పకుండా బాగు చేయించుకోవాలి. ఎవరూ ఉండని ఇంటికి అప్పు చేసి రంగులేయడం, అందుకోసం అన్నదమ్ములు మాటలు మానేయడం మాత్రం మాకు నచ్చదు. అమ్మేది అమ్మండి, పడేది పడనివ్వండి. తాళం చెవి చేతులు మారకముందే నాలుగు పనులు చేయండి. గది గదికీ ఫొటో తీసి, అక్కడ ఎవరుండేవారో వెనక రాయండి. దస్తావేజులకి నకళ్లు తీయించండి. ఇంట్లో పనిచేసిన వాళ్ల పేర్లు, ఒడియా వాళ్లయినా తెలుగు వాళ్లయినా, మన పేర్లతో పాటే రాయండి. పెద్దవాళ్ల మాటని వాళ్ల యాసలోనే ఫోన్‌లో రికార్డు చేయండి.

సిమెంటుకి పెట్టే ఖర్చులో వందో వంతు కూడా దీనికి అవ్వదు. కావలసింది ఓపిక. అది కూడా పెద్దవాళ్లు ఉన్నన్నాళ్లే పనికొస్తుంది. ఈ దసరాకి ఇంటికెళ్లినప్పుడు వాటాల లెక్క తీసేముందు, ఒక్క పూట పెద్దవాళ్ల దగ్గర కూర్చుని పేర్లు అడగండి.