‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్మే ఇల్లు



ఈసారి ఛందస్సును, వ్యాకరణాన్ని పక్కన పెట్టి ఇంటి సంగతి వ్రాస్తున్నాను. అయినా పంతులు బుద్ధి పోదు కదా, మాట దగ్గరే మొదలుపెడతాను. అప్పు తీరని ఇళ్ళను బ్యాంకులు వేలం వేసేటప్పుడు పత్రికల్లో ఇచ్చే ప్రకటనలను మీరు చూసే ఉంటారు. ‘ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏమున్నదో అదే’ అనే ప్రాతిపదికన అమ్మకమని వాటిలో ఉంటుంది. దీన్ని ఒక్క మాటలో చెప్పాలంటే ‘యథాస్థితి’. అవ్యయీభావ సమాసం. స్థితిని అతిక్రమింపక అని అర్థం. బళ్ళో అయితే విగ్రహవాక్యం చెప్పి ముందుకు సాగిపోయేవాణ్ణి. ఆ స్థితి ఏమిటో ఎవరు చూడాలన్న ప్రశ్న అప్పట్లో నాకు తట్టలేదు.

ఉక్కు కర్మాగారంలో పనిచేసే మా మేనల్లుడు కూర్మన్నపాలెంలో అద్దెకు ఉంటున్నాడు. ఆమధ్య ఒక ప్రకటన పట్టుకుని వచ్చాడు. లాసన్స్ బే వైపు, సముద్రానికి దగ్గరలో, మూడో అంతస్తులో ఒక పాత ఫ్లాటు. బయటి ధరకంటె బాగా తక్కువ. కనీస ధరలో పదో వంతు ధరావతు కట్టి పాటలో దిగుతానన్నాడు.

“ఎవరిచేతనైనా చూపించావా?” అని అడిగాను.

“బ్యాంకు వాళ్ళు చూడకుండా అప్పిస్తారా మావయ్యా?” అన్నాడు.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకు జవాబు.

బ్యాంకు చూస్తుంది, నిజమే. కాని తన అప్పు కోసం చూస్తుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, బాకీదారుకు 60 రోజుల గడువుతో నోటీసు ఇచ్చిన తరువాతనే బ్యాంకు తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకోగలదు. అమ్మే ముందు ఆమోదిత మదింపుదారు చేత విలువ కట్టించి కనీస ధర నిర్ణయిస్తుంది. ఆ మదింపు ‘ఈ ఆస్తి ఎంతకు పోతుంది’ అన్న ప్రశ్నకు సమాధానం. ‘ఈ శ్లాబు ఇంకెన్నాళ్ళు నిలుస్తుంది’ అన్నది వేరే ప్రశ్న. దాన్ని అడగవలసినవాడు ఆ శ్లాబు కింద పడుకోబోయేవాడు.

నేనిలా గట్టిగా చెప్పడానికి ఒక కారణముంది. 2009లో నేనొక పాత ఫ్లాటు కొన్నాను. అది వేలంలోది కాదు, మామూలు బేరమే. గోడలకు కొత్త రంగు, గుమ్మానికి మామిడాకులు చూసి మురిసిపోయాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన నాడు వంటింటి కిటికీ పైనున్న సన్‌షేడు విరిగి కింద పడింది. ఆ సమయంలో అక్కడ ఎవరూ లేకపోవడం మా పుణ్యం. విరిగిన చోట చూస్తే లోపలి ఊచ చెరకు పిప్పిలా పొరలు పొరలుగా ఊడివచ్చింది. తుపాను దాన్ని పడగొట్టిందంతే. తినేసింది మాత్రం అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా ఉప్పుగాలి.

అందుచేత మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని ఒక సివిల్ ఇంజనీరు దగ్గరకు వెళ్ళాను. ఆయనకు ఆ బ్యాంకుతోగాని, మధ్యవర్తితోగాని, మరమ్మతులు చేసే మేస్త్రీతోగాని లావాదేవీలు లేవు. ‘స్వతంత్రుడు’ అంటే నా ఉద్దేశం ఇదే. ఇల్లు అమ్ముడుపోయినా, పోకపోయినా ఆయన రుసుములో మార్పు ఉండకూడదు.

ప్రకటనలో పరిశీలనకు ఇచ్చిన రోజున ముగ్గురం వెళ్ళాం. ఆయన గోడల రంగు వంక చూడనైనా లేదు. చిన్న సుత్తి తీసి బాల్కనీ శ్లాబును అడుగున తట్టుకుంటూ పోయాడు. కొన్నిచోట్ల ఖణేల్మన్నది. కొన్నిచోట్ల డొల్ల మోత. డాబా మీద నీరు నిలిచే చోటు, స్నానాలగది గోడ చెమ్మ, కింద కార్లు నిలిపే చోట స్తంభాలకు నిలువునా పడిన సన్నని చీలికలు వరసగా చూపించాడు. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి చెమ్మతో పాటు దిగి, ఊచకు ఉన్న సహజ రక్షణను పోగొడుతుందట. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక లోపలినుంచి కాంక్రీటును పగలగొడుతుంది. అప్పుడు పెచ్చులు ఊడతాయి. పెచ్చులు కనబడకుండా పూత పూసి రంగు వెయ్యడం తేలిక.

ఉక్కు చేసే ఊళ్ళో ఉక్కును తినే గాలి. రోజూ ఇనుముతోనే బ్రతికే మా వాడికి ఆ చీలికల అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. కాసేపు ఆ స్తంభం మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు.

గోడలతోనే పరీక్ష పూర్తికాదు. ఆస్తి బ్యాంకు భౌతిక స్వాధీనంలో ఉన్నదా, కాగితం మీది స్వాధీనమేనా అన్నది తెలుసుకోవాలి. రెండోదైతే లోపలున్నవారిని ఖాళీ చేయించే బాధ కొన్నవాడి నెత్తిన పడవచ్చు. ఈసీ తీయించి వకీలుకు చూపాలి. సింహాచలం చుట్టుపట్ల పంచగ్రామాల భూముల వివాదం దశాబ్దాల తరబడి ఎందరిని నలిపిందో మన ఊరివారికి వేరే చెప్పాలా? ఆస్తిపన్ను, కరెంటు, అపార్టుమెంటు సంఘం బకాయిలు విచారించాలి. పాత యజమాని కరెంటు బకాయిని, నిబంధనలు అనుమతిస్తే, కొత్తగా కొన్నవారినుంచి రాబట్టవచ్చునని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్నప్పుడు విచారించుకునే భారం కొనేవారిదేనన్నది అందులోని సారం.

“అంత సమయం ఎక్కడిది?” అని కొందరంటారు. మొదటి వేలానికి సాధారణంగా 30 రోజుల ముందు నోటీసు ఇస్తారు. తొందర ఉండేది పాట తరువాతనే. పాట దక్కితే ధరావతుతో కలిపి నాలుగో వంతు సొమ్ము ఆ రోజో, మరుసటి పనిదినానో కట్టాలి. మిగిలినది అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే గడువు పెరుగుతుంది, అదీ మూడు నెలలు మించకుండా. తప్పితే కట్టినది జప్తు. ఆ నాలుగో వంతు మొత్తాన్నీ జప్తు చేయవచ్చునని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పాట పాడాక శ్లాబు సంగతి తెలిసి ప్రయోజనమేమిటి?

లోపలికి రానివ్వకపోతే? డాబా, మెట్లు, స్తంభాలు, పొరుగు వాటా పైకప్పు చూడవచ్చు. చూడలేని భాగం చెడిపోయిందనే లెక్కవేసి ధర నిర్ణయించుకోవాలి. ఆ ధరకు రాకపోతే వదులుకోవాలి.

బ్యాంకులు చేయవలసినదీ ఒకటుంది. తమకు తెలిసిన భారాలను వేలం నోటీసులో చెప్పాలని నిబంధన ఉన్నది. అలాగే మదింపు నివేదికను కూడా జతచేసి, ఇంజనీరుతో వచ్చి చూసుకోవడానికి కనీసం రెండు రోజులు ఇస్తే వారికేమి నష్టం? కొనేవాడికి భయం తగ్గితే పాట పెరుగుతుంది. పాట పెరిగితే ఇల్లు పోగొట్టుకున్న ఆ బాకీదారుకు కూడా బాకీ కొంత తగ్గుతుంది. వేలమనగానే మనకు చవక కనబడుతుంది. అక్కడ ఒక సంసారం చెదిరిపోయిందన్నది కనబడదు.

మావాడు పాటకు వెళ్ళలేదు. ఇంజనీరుకు ఇచ్చిన రుసుము వృథా అయిందని మా చెల్లెలు కొన్నాళ్ళు సణిగింది. ఆ ఇల్లు మరెవరో పాడుకున్నారు. నాకు మాత్రం ఆ బాల్కనీ కింద సాయంత్రాలు ఆడుకునే పిల్లలే కళ్ళలో మెదిలారు. ఇంజనీరు చెప్పినది ఒక కాగితం మీద తెలుగులో వ్రాసి, ఆయన చేత సంతకం పెట్టించి, ఆ అపార్టుమెంటు కార్యదర్శికి ఇచ్చివచ్చాను. వారం తరువాత అటు వెళితే, బాల్కనీ కింద తాడు కట్టి ఉన్నది. పిల్లలు అవతలివైపు ఆడుకుంటున్నారు.

మీలో ఎవరైనా వేలంలో ఇల్లు కొని ఉంటే, మంచైనా చెడైనా మీ అనుభవం వ్యాఖ్యగా వ్రాయండి. కొనబోయేవారికి పనికివస్తుంది.