పొగమంచు రోజుల్లో బండిలో ఉండవలసినవి

మార్గశిరం మొదలు మాఘం వరకు గోదావరి డెల్టాలో తెల్లవారుజామున పొగమంచు కమ్ముకోవడం ఏటా ఉన్నదే. గౌతమి, వశిష్ఠ పాయల నడుమనున్న రావులపాలెానికి ఇది కొత్త సంగతి కాదు. అటు సిద్ధాంతం వంతెన, ఇటు జొన్నాడ వంతెన, వాటిని కలుపుతూ 16వ నెంబరు జాతీయ రహదారి. పెద్దలు ఐదో నెంబరు రోడ్డుగా ఎరిగిన దారి ఇదే. సంక్రాంతికి హైదరాబాదు నుంచి స్వగ్రామాలకు వచ్చేవారు చాలామంది రాత్రి భోజనాలయ్యాక బయలుదేరుతారు. సరిగ్గా మంచు దట్టంగా ఉండే వేళకే వారి కార్లు ఇక్కడికి చేరుకుంటాయి.

ఆ వేళకు మన రోడ్డు ఖాళీగా ఉండదు. అరటి గెలలు కట్టుకున్న సైకిళ్ళు, ఆటోలు మార్కెట్ యార్డుకు వస్తుంటాయి. ధాన్యం ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. రోగులను రాజమండ్రి ఆసుపత్రులకు తీసుకువెళ్ళే కార్లు కోనసీమ గ్రామాల నుంచి బయలుదేరుతుంటాయి. ఈ రద్దీలో ఒక్క బండి టైరు పంచరై ఆగితే, అది వెనుక వచ్చేవారి ప్రాణాల మీదికి వస్తుంది.

లెక్క కట్టి చూస్తే ప్రమాదం ఎంతటిదో బోధపడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు ఒక సెకనులో 22 మీటర్లు దాటుతుంది. మంచులో 50 మీటర్లకు మించి కనబడనప్పుడు, ముందు ఆగిన లారీని చూసి బ్రేకు వేయడానికి చోదకునికి దక్కేది రెండు సెకన్ల పైచిలుకు మాత్రమే. ఆ వ్యవధిలో కారు ఆగదు.

అందువల్ల బండిలో ఉండవలసిన వస్తువులలో మొదటిది ఎర్రగా మెరిసే హెచ్చరిక త్రికోణం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కొత్త కారుతోపాటే దీనిని, ప్రథమ చికిత్స పెట్టెను ఇవ్వవలసి ఉన్నది. చాలా కార్లలో ఇవి డిక్కీ అడుగున, సామాన్ల కింద, కట్టు విప్పకుండా పడి ఉంటాయి. త్రికోణానికి బదులు వేపకొమ్మలు, రాళ్ళు పెట్టడం మన రోడ్ల మీద పాత అలవాటు. మంచులో కొమ్మ కనబడదు. బండి బాగుపడి వెళ్ళిపోయాక రోడ్డు మీద మిగిలిన రాయి, గెలలతో వచ్చే సైకిలు వానిని పడగొడుతుంది. రాయికి బదులు టైరుకు అడ్డం వేసే చెక్క దిమ్మను బండిలోనే ఉంచుకోవడం మేలు.

వీటితోపాటు మంచి సెల్లులు వేసిన టార్చిలైటు, గాలి నిండిన స్టెప్నీ, జాకీ, పానా, లాగడానికి గట్టి తాడు, మెరిసే పట్టీల చొక్కా, మంచినీళ్ళు, ఒక దుప్పటి ఉండాలి. ప్రథమ చికిత్స పెట్టెలో దూది, గాజుగుడ్డ, బ్యాండేజీ, కత్తెర ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. గడువు తీరిన మందులు మార్చాలి. షుగరు, రక్తపోటు ఉన్న పెద్దలు వెంట ఉంటే ఒక రోజు మందులు అదనంగా పెట్టుకోవాలి. సెల్ ఫోను పూర్తిగా చార్జి చేసుకుని బయలుదేరాలి.

సామగ్రి ఉంటే చాలదు, వాడుక తెలియాలి. మంచులో పెద్ద లైట్లు వేస్తే వెలుగు తిరిగి కళ్ళలోనే కొడుతుంది. డిమ్ లైట్లే వేయాలి. వంతెన మీద పంచరైతే అక్కడ ఆగకుండా మెల్లగా చివరిదాకా పోనివ్వాలి. రిమ్ము పాడైనా కొనుక్కోవచ్చు. ఆగవలసి వస్తే బండిని రోడ్డు అంచు దాటించి, నాలుగు వైపులా లైట్లు వెలిగించి, అందరినీ రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. తరువాత ఒకరు అంచు వెంబడి వెనుకకు కనీసం 50 మీటర్లు, మంచులో ఇంకా ఎక్కువ దూరం నడిచి త్రికోణం ఉంచాలి. జాతీయ రహదారి సహాయానికి 1033, అంబులెన్సుకు 108. ఫోను చేసేటప్పుడు దగ్గరలోని కిలోమీటరు రాయి నెంబరు చెబితే సాయం త్వరగా అందుతుంది.

గాయపడిన వారిని చూసి పోలీసు కేసు భయంతో తప్పుకోనక్కరలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయపడిన వారికి రక్షణ కల్పించింది. పేరు చెప్పమని కూడా వారిని బలవంతం చేయరాదు.

అధికారులు చేయవలసినదీ ఉన్నది. రోడ్డు మీద ప్రమాదకరంగా బండిని నిలపడం 1988 చట్టం ప్రకారమే నేరం. సంక్రాంతి రద్దీకి ముందే రవాణా, పోలీసు శాఖలు టాక్సీ స్టాండ్లలో, యార్డు వద్ద తనిఖీలు జరిపి, వెనుక దీపం లేని ట్రాక్టర్లకు ఎర్రగా మెరిసే పట్టీలైనా అంటింపజేయాలి. జరిమానా వసూలు కంటే ఈ పని ఎక్కువ ఉపయోగకరం.

త్రికోణం మన బండిని బాగుచేయదు. వెనుక వచ్చే అపరిచితుని కాపాడుతుంది. ఆ బండిలో మన ఊరి రోగి ఉండవచ్చు, పండుగకు వస్తున్న మన బిడ్డలే ఉండవచ్చు. పండుగ ప్రయాణానికి సామాన్లు సర్దేముందు ప్రతి ఇంటివారూ ఒకసారి డిక్కీ తెరిచి చూసుకోవడం శ్రేయస్కరం.