లారీ కిరాయి దాటిన లెక్క

ఒక కుటుంబం దూరపు నగరానికి కాపురం మార్చుకోవాలని నిశ్చయించుకున్నప్పుడు వేసే అంచనాలో మొదట రాసేది సామాను బండి కిరాయి, చాలా ఇళ్లలో చివర రాసేది కూడా అదే. ఖమ్మం నుంచి తల్లాడ మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో, అడవి అంచున ఉన్న జూలూరుపాడు మండలం నుంచి పిల్లల చదువు కోసమో, స్థిరమైన నెలజీతం కోసమో హైదరాబాదుకు తరలిపోయే కుటుంబాలు ఏటా కొన్ని ఉంటాయి. అవి చేరుకున్న రెండు మూడు నెలలకే అప్పు కోసం వెతుక్కోవలసి రావడానికి కారణం దుబారా అని అనుకోవడం అన్యాయం. అంచనా వేసిన పద్ధతిలోనే లోపం ఉంది. ఇల్లు మారడానికయ్యే వ్యయంలో కిరాయి చిన్న భాగమనీ, అసలు భారం రెండు చోట్లా సంసారం నడవవలసిన కాలంలోనూ, ఊరితోపాటు రాని పరపతిలోనూ ఉందనీ గుర్తించినప్పుడే అంచనా నిజానికి దగ్గరవుతుంది.

ఈ మాటకు ఆధారం ప్రభుత్వ నిబంధనల్లోనే దొరుకుతుంది. బదిలీ అయిన ఉద్యోగికి ఇల్లు మార్చుకునే ఖర్చు కింద ఇచ్చే మొత్తాన్ని బదిలీ ప్రయాణ భత్యం అంటారు. ఏడవ వేతన సంఘం సిఫారసుల మేరకు 2017 జూలై నుంచి కేంద్ర ఉద్యోగులకు నిర్ణయించిన రేట్ల ప్రకారం, అట్టడుగు స్థాయి ఉద్యోగి 1,500 కిలోల వరకు సామాను తీసుకువెళ్లవచ్చు, అందుకు మొదట్లో కిలోమీటరుకు గరిష్ఠంగా 15 రూపాయలు వచ్చేవి. జూలూరుపాడు నుంచి హైదరాబాదుకు సుమారు 250 కిలోమీటర్లు అనుకుంటే ఆ రేటుకు రవాణా కింద వచ్చేది 3,750 రూపాయలు. దీనికి తోడు, సామాను కట్టడం, దించడం, కొత్త ఇంట్లో కుదురుకోవడం వంటి విడివిడిగా రసీదులు చూపలేని ఖర్చులన్నిటికీ కలిపి నెల మూలవేతనంలో 80 శాతాన్ని బదిలీ గ్రాంటుగా ఇస్తారు. కనీస మూలవేతనం 18,000 రూపాయలకు అది 14,400 రూపాయలవుతుంది. అంటే అతి తక్కువ సామాను ఉన్న కుటుంబానికి సైతం చిల్లరగా కనిపించే ఖర్చులు రవాణాకు దాదాపు నాలుగు రెట్లుంటాయని ఆ నిబంధన రాసినవారు ఒప్పుకున్నట్టే.

కేంద్ర ఉద్యోగుల నిబంధనల్లో నేరుగా డబ్బుకు సంబంధించని రెండు అంశాలు ఇంకా విలువైనవి. పాత కార్యాలయం విడిచి కొత్త చోట చేరేలోగా ఉద్యోగికి ఇచ్చే వ్యవధిని చేరిక గడువు అంటారు. వెయ్యి కిలోమీటర్ల లోపు బదిలీకి అది 10 రోజులు, ఆ రోజులకు జీతం తెగదు. రెండవది, కుటుంబం ఉద్యోగితోపాటే కదలనక్కరలేదు. ఒక నెల వరకు ముందుగా వెళ్లినా, తరువాత ఆరు నెలల లోపు వెళ్లినా ప్రయాణ ఖర్చు వస్తుంది. పిల్లల పరీక్షలు, అద్దె ఇంటి వెతుకులాట, ముసలివారి ఆరోగ్యం ఒక తేదీకి ఒదిగేవి కావని తెలిసినవారు మాత్రమే ఇటువంటి వెసులుబాటు రాయగలరు. ఎల్లందు ప్రాంతంలో 1889లో బొగ్గు తవ్వకం మొదలైనప్పటి నుంచీ ఈ ప్రాంతానికి బదిలీలు కొత్త కాదు. కొత్తగూడెం కేంద్రంగా నడిచే సింగరేణి సంస్థలో బెల్లంపల్లి నుంచి మణుగూరు వరకు గనులు మారిన కార్మికులున్నారు. 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో కింద కొత్త జిల్లాలకు కేటాయింపు జరిగి ఇల్లు మారవలసి వచ్చిన ఉపాధ్యాయులున్నారు. ఆ తరలింపుల్లో బాధలు లేవని కాదు, అయితే వారి వెనుక నెలజీతమైనా ఉంది. కౌలు రైతుకు, మెకానిక్‌కు, ప్రైవేటు బడి పంతులుకు ఆ గ్రాంటు ఇచ్చేవారు లేరు, గడువు ఇచ్చేవారూ లేరు. ఆ రెండింటినీ వారు స్వయంగా సమకూర్చుకోవలసిందే.

గడువు సంగతి ముందు చూడాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో డబ్బు నెలనెలా రాదు, పంటతో వస్తుంది. పత్తి తీత అక్టోబరు నుంచి సాగుతుంది. మిర్చి కోతలు వేసవి మొదట్లో ముగిసి, పంట ఖమ్మం మార్కెట్ యార్డుకు చేరుతుంది. ధర నచ్చకపోతే అక్కడి శీతల గిడ్డంగుల్లో బస్తాలు నెలల తరబడి ఉండిపోతాయి. తెలంగాణలో బడులు తెరిచేది జూన్ 12 ప్రాంతంలో కాబట్టి అద్దె ఇల్లు, బడి సీటు మే నెలలోనే కుదుర్చుకోవాలి, సరిగ్గా అప్పుడే అద్దె ఇళ్లకు గిరాకీ ఎక్కువ. ఈ రెండు క్యాలెండర్లూ కలవనప్పుడు రైతు కుటుంబం ముందు రెండే దారులుంటాయి: వచ్చిన ధరకు మిర్చి అమ్ముకోవడం, లేదా పంట గిడ్డంగిలో పెట్టి వడ్డీకి డబ్బు తేవడం. మొదటి దారిలో వదులుకున్న ధర, రెండవ దారిలో కట్టిన వడ్డీ, రెండూ ఇల్లు మారిన ఖర్చులోనే చేరాలి. కానీ ఏ కుటుంబమూ వాటిని ఆ పద్దులో రాయదు, వ్యవసాయపు నష్టంగానే లెక్క వేసుకుంటుంది. వీలున్నవారు తరలింపును ఒక పంట ముందుగానే నిర్ణయించుకుని, పత్తి డబ్బులో కొంత భాగాన్ని దానికే కేటాయించి పెట్టుకోవడం ఇందుకు మేలైన ఉపాయం. ఆలస్యం చేసి జూన్ చివర బయలుదేరితే ముసురులో పరుపులు, పుస్తకాలు తడుస్తాయి, టార్పాలిన్ ఎంత బాగా కట్టినా సరే.

రెండు చోట్లా సంసారం నడిచే కాలం సాధారణంగా రెండు నెలలకు తక్కువ ఉండదు. ఇంటి పెద్ద ముందుగా వెళ్లి ఏ హాస్టల్లోనో, బంధువుల గదిలోనో ఉంటూ పనిలో కుదురుకుంటాడు, భార్యాపిల్లలు పరీక్షలు ముగిసేవరకు ఊళ్లో ఉంటారు. రెండు వంటలు, రెండు కరెంటు బిల్లులు, వారానికో పదిహేను రోజులకో రాకపోకలు. కుటుంబం కదిలే నాటికి నగరంలో ఇంటికి అడ్వాన్సు, అంటే యజమాని దగ్గర ఉంచి ఖాళీ చేసేటప్పుడు తిరిగి తీసుకునే పూచీ మొత్తం, చెల్లించాలి. నెల అద్దె పది వేలు, అడ్వాన్సు రెండు నెలలు అనుకుంటే, తాళం చెవి చేతికి రావడానికే మొదటి నెల అద్దెతో కలిపి ముప్పై వేలు కావాలి. నివాస గృహాలకు ఈ పూచీ రెండు నెలల అద్దెకు మించకూడదని 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెబుతుంది, కాకపోతే నమూనా చట్టాన్ని ఏ రాష్ట్రమైనా తన చట్టంగా చేసుకుంటేనే అది అక్కడ అమలవుతుంది. అడ్వాన్సు తిరిగి వచ్చే డబ్బే కదా అని కొందరు దాన్ని ఖర్చుగా లెక్కించరు. ఖాళీ చేసే రోజున రంగుల పేరిట కొంత కోసుకోవడం మామూలే, పైగా తిరిగి వచ్చే వరకు ఆ డబ్బు మరి దేనికీ అక్కరకు రాదు.

ఇంతకంటే పెద్ద నష్టం ఒకటుంది, దాన్ని ఏ కాగితమూ చూపదు. ఊళ్లో కిరాణా కొట్టు ఖాతా పంట వచ్చేదాకా నడుస్తుంది. ఎరువుల దుకాణదారుడు అరువిస్తాడు. ఆసుపత్రి అవసరం పడితే పక్కింటివారి దగ్గర రాత్రికి రాత్రి ఐదు వేలు దొరుకుతాయి. ఈ పరపతి తరాల నడవడితో ఏర్పడినది. నగరంలో అడుగుపెట్టిన రోజున అది సున్నా. ఉప్పు నుంచి మందు బిళ్ల వరకు ప్రతిదీ చేతి డబ్బుతో కొనాలి, జీతం మాత్రం నెల తిరిగాక వస్తుంది. ఊళ్లో వాయిదాగా సాగిన ఖర్చంతా నగరంలో మొదటి నెలలో ఒక్కసారిగా మీద పడుతుంది. అదే సమయంలో, వెళ్లిపోతున్నారని తెలిసి ఊళ్లో పాత బాకీలు కూడా ఒక్కసారిగా అడుగుతారు. అలా అడగడం న్యాయమే. అందుకే తరలింపు అంచనాలో ఊరి బాకీలు తీర్చే పద్దు ఒకటి, నగరంలో కనీసం రెండు నెలల చేతిఖర్చు మరొకటి విడిగా ఉండితీరాలి.

ప్రభుత్వ పథకాల్లో కొన్ని ఇప్పుడు కుటుంబంతోపాటే నడుస్తున్నాయి, ఇది నిజంగా మేలు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డుపై మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. కార్డు ఏ ఊరిదైనా వేలిముద్ర వేసి రాష్ట్రంలోని మరో చౌకధరల దుకాణంలో తీసుకునే వీలుంది కాబట్టి, నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోల బియ్యం మొదటి నెల నుంచే అందుతాయి, చిరునామా మార్పు కోసం ఆగనవసరం లేదు. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం వల్ల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు. వంటగ్యాస్ అలా కాదు. ఊళ్లో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, రద్దు పత్రం, పాత డిపాజిట్టు తీసుకుని, నగరంలో ఇప్పటి రేటుకు కొత్త డిపాజిట్టు కట్టాలి. 2022 జూన్‌లో 14.2 కిలోల సిలిండరు డిపాజిట్టు 1,450 నుంచి 2,200 రూపాయలకు పెరిగింది కాబట్టి, ఎప్పుడో తీసుకున్న కనెక్షన్‌కు తిరిగి వచ్చేదానికీ కొత్తగా కట్టేదానికీ మధ్య అంతరం చేతి నుంచే పడుతుంది.

సామాను విషయంలో తేల్చుకోవలసింది ఏది తీసుకువెళ్లాలన్నదే. చిన్న కుటుంబానికి డీసీఎం వ్యాను సరిపోతుంది. హైదరాబాదు నుంచి సరుకు తెచ్చి దించి ఖాళీగా తిరిగి వెళ్లే బండి దొరికితే కిరాయి తగ్గుతుంది, లేకపోతే బండి యజమాని తిరుగు ప్రయాణాన్ని, టోల్‌గేట్లను కూడా కలిపే అడుగుతాడు. రెండు వైపులా హమాలీ కూలి వేరుగా మాట్లాడుకోవాలి, నగరంలో లిఫ్టు లేని మూడో అంతస్తుకు బీరువా ఎక్కించడం కిరాయిలో కలిసి రాదు. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం, అవసరం లేదని నియమాల్లోనే ఉంది. అడవి అంచు ఊరు కనుక మరో జాగ్రత్త కావాలి: నగరంలో మంచం చేయించుకోవచ్చని టేకు చెక్కలు బండిలో వేసుకునేవారికి 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమాలు వర్తిస్తాయి, అనుమతి పత్రం లేని కలపను చెక్‌పోస్టులో ఆపితే బండి మొత్తం ఆగుతుంది. చేయించిన మంచాలకు కూడా వడ్రంగి ఇచ్చిన బిల్లు దగ్గర ఉంచుకోవడం మంచిది. పుస్తకాలు, బట్టల మూటలు కొన్నే అయితే ఆర్టీసీ కార్గోలో పంపవచ్చు. కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్ నుంచి రైలెక్కే వారికి స్లీపర్ టికెట్‌పై మనిషికి 40 కిలోలు ఉచితం. మోటారు సైకిలును పెట్రోలు తీసివేసి అక్కడే పార్సిలుగా బుక్ చేసుకోవచ్చు.

దూరాన్ని కిలోమీటర్లలో కొలిచినంత కాలం జూలూరుపాడు వారికి విజయవాడ హైదరాబాదు కంటే ఎంతో దగ్గర. అక్కడి ఇంటర్మీడియట్ కళాశాలల పేరు ఈ ప్రాంతంలో ఎప్పటి నుంచో ఉంది. కానీ 2014 తరువాత ఆ దారిలో రాష్ట్ర సరిహద్దు వచ్చింది. పన్నెండు నెలలు మించి అక్కడ ఉంటే వాహనానికి అక్కడి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అంతకన్నా బరువైనది చదువుల్లో స్థానికత: తెలంగాణలో వైద్య విద్యా సీట్లకు స్థానిక అభ్యర్థి కావాలంటే అర్హత పరీక్ష వరకు వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలని 2024 జూలైలో వచ్చిన 33వ నంబరు జీవో చెబుతోంది, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. డాక్టరు చదువు కోసమే బిడ్డను విజయవాడలో ఇంటర్లో చేర్చే కుటుంబం ఆ చదువుకే స్వరాష్ట్రంలో ఉన్న అవకాశాన్ని పోగొట్టుకోవచ్చు. ప్రభుత్వమే తరలినప్పుడు ఈ చిక్కును గుర్తించింది. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాదు నుంచి వెలగపూడికి కదిలినప్పుడు ఉద్యోగులకు వారానికి ఐదు రోజుల పని, హైదరాబాదులో వచ్చిన 30 శాతం ఇంటి అద్దె భత్యం ఇవ్వడమే కాక, గడువులోగా తరలిన కుటుంబాల పిల్లలను అక్కడ స్థానికులుగా పరిగణించేలా రాష్ట్రపతి ఉత్తర్వులనే సవరించారు. సొంత ఖర్చుతో కదిలే కుటుంబానికి ఏ ఉత్తర్వూ సవరించరు.

రాష్ట్రం లోపల మారినా ఉద్యోగాల స్థానికత మారవచ్చు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడే స్థానికులు, ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం పోస్టులు వారివే. రెండో తరగతి పిల్లవాడితో హైదరాబాదు చేరే కుటుంబం, రేపు ఆ యువకుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పోస్టుకు స్థానికేతరుడవుతాడని తెలిసే చేరాలి. నాలుగో తరగతి ముగిసేదాకా ఆగగలిగితే ఆ నష్టం ఉండదు. ఆగడానికి ఇంటి పెద్ద ఒక్కడే నగరంలో ఉండవలసి వస్తే, ఆ సంవత్సరాల రెండు సంసారాల ఖర్చును, బిడ్డ వదులుకోబోయే స్థానికతను పక్కపక్కన రాసుకుని చూడాలి. బడి మార్చే ముందు చదివిన ప్రతి తరగతికీ బోనఫైడ్ సర్టిఫికెట్ తీసుకుని పెట్టుకుంటే, పదిహేనేళ్ల తరువాత మూతపడిన బడి రికార్డుల కోసం మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరగనవసరం ఉండదు.