దారి అందంగా ఉంటే చాలదు

ఆదివారం అనుబంధాల్లో తరచుగా కనిపించే వ్యాసం ఒకటుంది. నగరానికి దగ్గర్లో పరుగుకు అనువైన పల్లె దారులు ఏవి అని. చేవెళ్ళ రోడ్డు మీది మర్రిచెట్ల నీడ, మూసీ పుట్టిన అనంతగిరి కొండల్లో మలుపులు తిరిగే బాట, గండిపేట చెరువు మీది నుంచి వచ్చే తెల్లవారుజాము చల్లగాలి, వీటన్నిటి గురించీ చాలా అందంగా రాస్తారు. ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ ఎత్తు ఎక్కాలి, ఏ నెలలో వెళితే బాగుంటుంది, అన్నీ ఉంటాయి. ఒక్క విషయం మాత్రం ఉండదు. ఆ దారిలో పొద్దున అయిదు గంటలకు ఒక స్త్రీ ఒంటరిగా పరిగెత్తగలదా అన్నది. ఆ ప్రశ్న రాసేవారికి తట్టలేదంటే, వారి మనసులో ఉన్న పాఠకుడు ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

హక్కుల పత్రికలో పరుగు గురించి రాయడమేమిటని మన మిత్రుల్లోనే కొందరు అడగవచ్చు. కట్నం చావులున్నాయి, కూలి రేట్లున్నాయి, స్టేషనుకి వెళితే కేసు రాసుకోని పోలీసులున్నారు. ఇన్ని ఉండగా, బూట్లు వేసుకుని కార్లలో వెళ్ళి పల్లె దారుల్లో పరిగెత్తేవారి సరదా మనకెందుకు? న్యాయమైన ప్రశ్నే. కానీ పరుగు సరదా మాత్రమే అయినవాళ్ళు కొద్దిమంది. చాలామంది ఆడపిల్లలకు ఇవాళ అది బతుకుతెరువు.

నేను ఎస్.ఆర్. నగర్‌లో ఉంటాను. మా వీధుల్లో ఇళ్ళకంటే హాస్టల్ బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురు, అయిదుగురు సర్దుకుని ఉంటారు. కంప్యూటరు కోర్సులు నేర్చుకునేవారే కాదు, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవారూ వారిలో ఉన్నారు. తెలంగాణలో సివిల్ పోలీసు నియామకాల్లో 33 శాతం స్త్రీలకు కేటాయించారు. ఇది మనం స్వాగతించిన విషయమే. 2022 నోటిఫికేషన్ ప్రకారం దేహదారుఢ్య పరీక్షలో అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరిగెత్తాలి. అది దాటకపోతే చదివిన పుస్తకాలన్నీ వృథా. అంటే ప్రభుత్వమే ఆడపిల్లను పరిగెత్తమని అడుగుతోంది. మరి ఎక్కడ పరిగెత్తాలి?

ఈ మాటే మా వీధి హాస్టల్లో ఉండే ఒకమ్మాయిని అడిగాను. "పెద్ద రోడ్డు మీద మెట్రో పిల్లర్ల పక్కన ఉరుకుదామంటే బస్సులు ఆంటీ, గల్లీల ఉరుకుదామంటే కుక్కలు. కుక్కలు లేని కాడ మగోళ్ళు" అంది. నవ్వుతూనే చెప్పింది కానీ అందులో నవ్వుకునేదేమీ లేదు. పొద్దున ఆరు దాటితేగాని హాస్టల్ గేటు తాళం తియ్యరు. తీసేసరికి వీధి నిండా పాల బళ్ళు, చెత్త ఆటోలు, స్కూలు బస్సులు. కె.బి.ఆర్. పార్కు దాకా వెళ్ళాలంటే ఆటో ఖర్చు, లోపలికి వెళ్ళడానికి టికెట్టు. "ఊరికి పోయినప్పుడు మా రోడ్డు మీద ఉరుకుత. మస్తుంటది. కాకపోతే తమ్ముడు బండి మీద ఎనక రావాలె. వాడు లేవకపోతే ఆ రోజు లేనట్టే" అని కూడా చెప్పింది. ఒక ఆడపిల్ల ఉద్యోగం ఆమె తమ్ముడి నిద్ర మీద ఆధారపడి ఉందన్నమాట!

ఆ అమ్మాయి చెప్పిన ఊరి రోడ్డూ, ఆదివారం అనుబంధంలో అచ్చయిన రోడ్డూ ఒకలాంటివే. రెండు పక్కలా పొలాలు, కుంట, తుమ్మచెట్లు, దూరంగా గుట్ట. ఆ దారి స్త్రీలకు కొత్త కాదు. నాట్లకు, కలుపుకు, పత్తి ఏరడానికి, కట్టెలకు, నీళ్ళకు తరతరాలుగా ఆ దారిలో నడిచింది వారే. మగవాళ్ళు సైకిలెక్కి, తర్వాత మోటారు సైకిలెక్కి పోయిన దారిలో స్త్రీలు ఇప్పటికీ చాలా చోట్ల కాలినడకనే పోతున్నారు. అయితే గమనించండి, నెత్తి మీద గంపో, చంకలో బిడ్డో, చేతిలో కొడవలో ఉన్నంతసేపు ఆమెను ఎవరూ ఏమీ అడగరు. చేతులూపుకుంటూ ఖాళీగా పోతే మాత్రం "ఎక్కడికి?" అన్న ప్రశ్న మొదలవుతుంది. బరువే ఆమెకు అనుమతి పత్రం. పని కోసం, ఇంటి కోసం, పిల్లల కోసం అయితే రోడ్డు మీదికి రావచ్చు. తన కోసం, తన ఒంటి కోసం, ఊరికే గాలి కోసం అయితే రాకూడదు. ముంబయి నగరం మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి 2011లో ప్రచురించిన 'వై లాయిటర్' పుస్తకం ఈ సంగతినే చర్చించింది. స్త్రీ బయట కనబడాలంటే ఏదో ఒక పని చూపించుకోవలసి వస్తోందని, ఏ పనీ లేకుండా బయట ఉండే హక్కు కూడా హక్కేనని వారి వాదన. మన పల్లెలకూ ఈ మాట వర్తిస్తుంది. పైగా మన ఊళ్ళలో దారికీ, చెరువుకీ కులం కూడా ఉంది. 1985లో కారంచేడు మారణకాండకు ముందు జరిగింది మంచినీళ్ళ చెరువు దగ్గర ఒక దళిత స్త్రీ అభ్యంతరం చెప్పడమేనని మనం మరచిపోలేం. బహిరంగ స్థలంలో నిలబడి "ఇది మాది కూడా" అన్న స్త్రీ చెల్లించాల్సి వచ్చే మూల్యం ఆమె కులాన్ని బట్టి మారుతుంది.

అందమైన పల్లె దారి ఏమి చెయ్యగలదో యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్ మనకు చెప్పింది. బొమ్మలరామారం మండలంలోని ఆ ఊరికి అప్పట్లో సరైన బస్సు సౌకర్యం లేదు. చదువుకోవడానికి వెళ్ళిన ఆడపిల్లలు నడిచో, దారిన పోయే బండి ఎక్కో ఇల్లు చేరాల్సి వచ్చేది. 2019 ఏప్రిల్‌లో ఒక బాలిక శవం పాడుబడ్డ బావిలో దొరికింది. ఆ తర్వాత, అంతకుముందు కనిపించకుండా పోయిన మరో ఇద్దరు కూడా అలాగే హత్యకు గురయ్యారని బయటపడింది. బండి మీద దింపుతానన్న మనిషే హంతకుడు. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు అతనికి మరణశిక్ష విధించింది. పత్రికలన్నీ ఆ మనిషి క్రూరత్వం గురించి రాశాయి. ఆ క్రూరత్వం ఎదురు చూడటానికి వీలైన చోటు ఎలా తయారైందన్నది మనం అడగాలి. ఆ దారిలో రోజుకు నాలుగు బస్సులు తిరుగుతుంటే, పిల్లలకు ఆ బండి ఎక్కవలసిన అవసరం ఉండేదా?

అదే ఏడాది నవంబరు 27న శంషాబాద్ దగ్గర, తొండుపల్లి టోల్‌గేట్ సమీపంలో ఒక వెటర్నరీ డాక్టరును అత్యాచారం చేసి చంపేశారు. కూతురు కనబడటం లేదని వెళ్ళిన కుటుంబాన్ని పోలీసులు మా పరిధి కాదంటూ తిప్పారన్న ఆరోపణ వచ్చింది. ముగ్గురు పోలీసు సిబ్బంది సస్పెండయ్యారు. ఆ తర్వాత ప్రభుత్వం చేసిందేమిటి? స్త్రీలు ఎలా జాగ్రత్తగా ఉండాలో పోలీసులు సలహాల జాబితా ఇచ్చారు. ఆర్టీసీలో పనిచేసే స్త్రీలకు రాత్రి డ్యూటీలు వెయ్యవద్దని ముఖ్యమంత్రి చెప్పారు. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను కాల్చి చంపారు. అది ఎదురుకాల్పులు కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. 2022లో ఆ నివేదిక బయటికి వచ్చింది. సలహాలు, డ్యూటీల రద్దు, తుపాకి మూడూ వేర్వేరుగా కనబడతాయి గానీ, రోడ్డును స్త్రీలకు అప్పగించే పని మూడింటిలో ఏదీ చెయ్యలేదు. స్త్రీని రోడ్డు మీది నుంచి తప్పించడమే రక్షణ అని అవి మనకు నేర్పాయి.

ఇది మన వెనుకబాటుతనం వల్ల వచ్చిందనుకుంటే పొరపాటు. ఐర్లండులో 2022 జనవరి 12న ఆష్లింగ్ మర్ఫీ అనే 23 ఏళ్ళ టీచరు మధ్యాహ్నం పూట, ఇంకా వెలుతురు ఉండగానే, టులమోర్ పట్నం దగ్గర కాలువ గట్టు మీద వ్యాయామానికి వెళ్ళి హత్యకు గురైంది. ఆమె రాత్రిపూట వెళ్ళలేదు, నిర్మానుష్యమైన చోటికీ వెళ్ళలేదు. జనం నడిచే అందమైన దారి అది. "ఆమె పరుగుకు వెళ్ళింది, అంతే" అన్న అర్థమిచ్చే మాటతో ఆ దేశమంతా స్త్రీలు బయటికి వచ్చారు. ఎందుకు వెళ్ళిందన్న ప్రశ్ననే వారు తిప్పికొట్టారు.

ఇక ఇంట్లో ఉంటే క్షేమమా? కెన్యా పరుగు క్రీడాకారిణి ఆగ్నెస్ టిరోప్ 2021లో తన ఇంట్లోనే హత్యకు గురైంది. పారిస్ ఒలింపిక్స్‌లో మారథాన్ పరిగెత్తిన ఉగాండా క్రీడాకారిణి రెబెక్కా చెప్టెగై 2024 సెప్టెంబరులో, ఆమెతో కలిసి బతికిన మనిషే పెట్రోలు పోసి నిప్పంటించగా చనిపోయింది. వేల కిలోమీటర్లు రోడ్ల మీద పరిగెత్తినవారికి చావు ఇంటి దగ్గర ఎదురైంది. ఇంటిలోపలి హింస గురించి ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న మనకు ఇది కొత్త సంగతి కాదు. అందుకే "బయట ప్రమాదం, ఇంట్లో ఉండు" అనే సలహా ఎంత బూటకమో మనమే గట్టిగా చెప్పగలం.

స్త్రీ పరిగెత్తకూడదనడానికి ఒకప్పుడు భయం కాదు, శాస్త్రం పేరు చెప్పారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. పరిగెత్తినవారు అలసిపోయి పడ్డారని పత్రికలు గోరంతలు కొండంతలు చేసి రాశాయి. ఆ పోటీని తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960లో, రోమ్‌లో. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ పరిగెత్తుతుంటే నిర్వాహకుడొకడు ఆమెను రోడ్డు మీది నుంచి లాగెయ్యబోయాడు. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ 1984లో గానీ రాలేదు. స్త్రీ శరీరం తట్టుకోలేదని 32 ఏళ్ళు తీసేసిన ఆ 800 మీటర్లనే ఇవాళ మన కానిస్టేబుల్ పరీక్ష ప్రతి అమ్మాయినీ పరిగెత్తమంటోంది. శరీరం మారలేదు, మనం అడిగి సాధించుకున్నాం.

అవకాశం ఇస్తే ఏమవుతుందో కూడా మన కళ్ళముందే ఉంది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో వ్యవసాయ కూలీల కూతురు జీవంజి దీప్తి. బుద్ధిమాంద్యంతో పుట్టిందని ఊళ్ళో చిన్నచూపు చూసిన ఆ పిల్ల 2024లో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. టీ కొట్టు నడిపే తండ్రికి పుట్టి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. వీరిని మనం పొగుడుతాం, సన్మానిస్తాం. కానీ వీరికి దొరికింది ఏమిటి? పరిగెత్తడానికి ఒక చోటు, వెనక నిలబడిన ఒక శిక్షకుడు. ఇవి లేక ఏ ఊరి రోడ్డు మీదో ఆగిపోయిన పిల్లలను లెక్కపెట్టేవారు లేరు.

మన రాజ్యాంగం 15(2) అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు కలిసే స్థలాల వాడకంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరికీ ఆంక్ష ఉండకూడదంటుంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే రోడ్డు అన్న మాట అందులో స్పష్టంగా ఉంది. కులం విషయంలో ఈ అధికరణాన్ని మనం చాలాసార్లు ఎత్తి చూపాం. లింగం విషయంలో దాన్ని మనం తగినంతగా వాడుకోలేదని నా అభిప్రాయం. ఆడవాళ్ళు రోడ్డు మీదికి రావద్దని ఎవరూ చట్టం చెయ్యరు. చీకటి, కామెంట్లు, వెంబడించడం, లేని బస్సు, తాళం వేసిన గేటు కలిసి ఆ ఆంక్షను అమలు చేస్తాయి.

కాబట్టి మన కోరికలు కూడా అక్కడినుంచే మొదలవ్వాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఇది మంచి మార్పు. అయితే బస్సే రాని ఊరికి ఉచిత టికెట్టు ఏం చేసుకోవడానికి? బడి, కాలేజీ విడిచిపెట్టే వేళకు ప్రతి ఊరికీ బస్సు కావాలి. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలని బోర్డులు పెట్టారు. నేను చూసిన కొన్నింట్లో బోర్డు తప్ప ఏమీ లేదు, కొన్ని ఊరికి దూరంగా గడ్డి మొలిచి ఉన్నాయి. వాటిలో దీపాలు, మరుగుదొడ్డి, ఆడపిల్లలకు కేటాయించిన వేళలు ఉండాలి. నియామక పరీక్ష ప్రకటించిన నాటి నుంచి జిల్లాల్లోని పోలీసు పరేడ్ మైదానాలను, నగరంలోని ప్రభుత్వ కాలేజీల మైదానాలను పొద్దున, సాయంత్రం అమ్మాయిలకు ఉచితంగా తెరవాలి. వెంబడించడం 2013 నుంచి శిక్షార్హమైన నేరం. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద ఉంది. రోడ్డు మీద బండితో వెంటపడినవాడి మీద ఆ సెక్షన్ కింద కేసు రాయాలి. "పొద్దున్నే ఎందుకు వెళ్ళావు?" అని అమ్మాయిని అడగడం మానాలి.

మన సంఘాలు చెయ్యవలసింది కూడా ఉంది. ఊళ్ళో సమావేశం పెట్టినప్పుడు అప్పుల గురించి, సారా గురించి, కొట్టే మొగుళ్ళ గురించి అడిగినట్టే దారి గురించి కూడా అడుగుదాం. ఏ దారిలో ఏ వేళ తర్వాత నడవరు, ఏ మలుపులో ఎవరు కూర్చుంటారు, ఏ దీపం వెలగదు, ఏ బస్సు ఆగిపోయింది, వారి చేతనే నేల మీద ముగ్గుతో గీయిద్దాం. ఆ పటాన్ని గ్రామసభలో పెడదాం. దాన్ని చూస్తే తెలుస్తుంది, ఊరి దారుల్లో ఎంత భాగం ఆ ఊరి స్త్రీలది కాదో.

చేవెళ్ళ మర్రిచెట్లను రోడ్డు విస్తరణ నుంచి కాపాడాలని హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళినవారున్నారు. వారు చేసింది మంచి పని. ఆ నీడ అందరిదీ కావాలి. అక్కడికి కార్లలో వెళ్ళి పరిగెత్తే నగర స్త్రీలదీ, ఆ పక్క పొలాల్లో కలుపు తీసే స్త్రీలదీ, కానిస్టేబుల్ పరీక్షకు తమ్ముడి తోడు లేకుండా తయారుకావాలనుకునే అమ్మాయిదీ. ఈ ముగ్గురూ ఒకే దారి మీద, ఒకరి పక్కన ఒకరు, ఎవరికీ జవాబు చెప్పకుండా పోగలిగితే అప్పుడు ఆ దారిని అందమైనదని రాసుకుందాం.